ఎందుకురా మిలిటరీకి?

సుబేదారు గారు పోయిన మూడో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. గోరంట్ల వైపు, అపార్ట్‌మెంట్ల వెనకాల, ఆయన రిటైరయ్యాక కట్టుకున్న రెండు గదుల డాబా. ఫొటో దగ్గర మెడల్స్ పెట్టాలని వాళ్ళ కోడలు మంచం కింద నుంచి నల్ల ట్రంకు పెట్టె లాగింది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. మూత తియ్యగానే ఇత్తడి తోమే బ్రాసో వాసన, కలరా ఉండల వాసన, అడుగున మడతపెట్టిన ఉన్ని కోటు వాసన, మూడూ కలిసి మొహాన కొట్టాయి.

నా చిన్నతనంలో సుబేదారు గారంటే ఆ వాసనే. పొద్దున్నే మా స్టూడియోకి వచ్చి, బెంచీ మీద పేపరు చదువుతూ కూచునేవారు. బెల్టు బిళ్ళ మాత్రం అద్దంలా మెరుస్తుండేది. రిటైరయ్యి ఎన్నేళ్ళయినా రోజూ దాన్ని తోముకునేవారు.

పరామర్శకి వచ్చినవాళ్ళలో ఒక కుర్రాడు, మనవడి వరస కాబోలు, "తాతయ్య మిలిటరీకి ఎందుకెళ్ళాడు?" అనడిగాడు. "దేశం కోసం రా, ఇంకెందుకు?" అన్నారు పక్కనున్న పెద్దాయన. అందరూ తలూపారు. నేనూ ఊపాను. పోయిన మనిషి ఇంట్లో కూచుని వాదన పెట్టుకోలేం కదా. కానీ ఆయన తన నోటితో చెప్పిన కారణం వేరే ఉంది. ఆ ప్రశ్న మా నాన్న ఆయన్ని అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆయన్నొక్కరినే కాదు, గుంటూరు వచ్చిన కుర్రాళ్ళని ఎంతమందిని అడిగాడో మా నాన్న ఆ ప్రశ్న.

*

మా నాన్నకి అరండల్‌పేటలో ఫొటో స్టూడియో ఉండేది. ముందు కౌంటరు, మధ్యలో లైట్ల గది, వెనకాల డార్క్‌రూము. ఫొటోలు కడిగే హైపో వాసన ఇల్లంతా ఉండేది, మా యూనిఫారాలకి కూడా. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎలాగూ పని ఉంటుంది. అది కాకుండా మాకు ఇంకో సీజన్ ఉండేది, మిలిటరీ సెలక్షన్లు. ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు గుంటూరులో ఉండడంతో నెల్లూరు, ప్రకాశం, రాయలసీమ జిల్లాల కుర్రాళ్ళు కూడా ఇక్కడికే రావాలి.

గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు వాళ్ళు మీటరుగేజి పాసింజరులో దిగేవాళ్ళు. దొనకొండ, వినుకొండ, నరసరావుపేట దాటుకుంటూ ఆ బండి గుంటూరు చేరేసరికి కుర్రాళ్ళ జుట్టు నిండా బొగ్గు పొడి. చేతిలో ఒక గుడ్డ సంచి, అందులో టెన్త్ సర్టిఫికెట్టు, ఒక లుంగీ, అటుకులో సద్దరొట్టెలో. రాత్రికి కొందరు స్టేషన్లో, కొందరు బస్టాండులో, కొందరు మా అరుగు మీద. అమ్మ గొణుగుతూనే కుండెడు మంచినీళ్ళు పెట్టేది.

ఆ అరుగే మా వీధిలో మొదటి మెడికల్ టెస్టు. నాపరాయి మెట్టు దిగగానే నున్నటి గచ్చు. కుర్రాళ్ళు కుండలో నీళ్ళు కాళ్ళ మీద పోసుకుని దాని మీద అడుగేసేవాళ్ళు. సుబేదారు గారు బెంచీ మీంచి వంగి ఆ తడి అచ్చు చూసేవారు. అరికాల్లో వంపు ఉంటే అచ్చు మధ్యలో సన్నబడి, లోపలి వైపు పొడిగా ఉండిపోతుంది. వంపు లేకపోతే పాదం మొత్తం పడుతుంది. "ఫ్లాట్‌ఫుట్ రా అబ్బాయ్, ఇంటికెళ్ళి మడమలెత్తి నడువు, వచ్చే ఏడు రా" అనేవారు. మడమలెత్తి నడిస్తే వంపు వస్తుందో రాదో నాకు తెలీదు. ఆయనకీ తెలీదనుకుంటా. ఆ పిల్లాడు ఏడవకుండా ఏదో ఒకటి చెప్పాలి కదా.

తర్వాత మోకాళ్ళు. మడమలు కలిపి నిలబడితే మోకాళ్ళు రాసుకోకూడదు. తర్వాత చెవులు. గుబిలి ఉంటే డాక్టరు వెనక్కి పంపేస్తాడని చెప్పి, పట్నం బజారు దగ్గర చెవులు శుభ్రం చేసేవాడి దగ్గరికి తోలేవారు. బరువు తక్కువున్నవాళ్ళు తెల్లవారుజామున అరటిపళ్ళు డజను మింగి, చెంబుడు నీళ్ళు తాగి, పరుగుకి వెళ్ళి ట్రాకు పక్కనే కక్కుకునేవాళ్ళు. పరుగేమో 1.6 కిలోమీటర్లు, తర్వాత బీమ్ మీద పుల్‌అప్స్, 9 అడుగుల గొయ్యి దూకడం. ఇవన్నీ అయ్యాకే ఎత్తు, ఛాతీ కొలిచేది. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండి, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. మా అరుగు మీద రాత్రంతా బుస్సుబుస్సుమని గాలి పీల్చే చప్పుడే.

మిర్చి సీజన్లో సెలక్షన్లు పడితే అదో తమాషా. యార్డు నుంచి లారీలు పోతుంటే గాలిలో ఘాటు. మనకి అలవాటే. కడప, చిత్తూరు కుర్రాళ్ళు పొద్దున పరుగు ప్రాక్టీసుకి పోయి దగ్గుతూ తుమ్ముతూ వచ్చేవాళ్ళు. "ఇక్కడ పరిగెత్తినోడు ఎక్కడైనా పరిగెత్తుతాడు సార్" అన్నాడొకడు, కళ్ళు తుడుచుకుంటూ.

*

పాస్‌పోర్టు సైజు ఫొటోలో నవ్వకూడదు, బిగుసుకుపోకూడదు. పల్లెటూరి కుర్రాడిని లైట్ల ముందు కూచోబెడితే ఊపిరి కూడా పీల్చడు. అందుకని నాన్న లైట్లు సర్దుతూ మాటల్లో పెట్టేవాడు. "ఎందుకురా మిలిటరీకి?" అనడిగేవాడు. వాడు జవాబు వెతుక్కుంటుండగా క్లిక్. మామూలు ఫొటోలకి నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో మొటిమలు, మచ్చలు దిద్దే మనిషి, మిలిటరీ ఫొటోలకి మాత్రం పెన్సిల్ ముట్టుకునేవాడు కాదు. ఉన్నవాడు ఉన్నట్టే కనపడాలి, లేకపోతే అక్కడ నువ్వు నువ్వు కాదంటారు అనేవాడు.

క్లిక్ అయ్యాక వచ్చే జవాబులు నేను కౌంటరు వెనక హోమ్‌వర్కు చేసుకుంటూ వినేదాన్ని. "మా అన్న ఉన్నాడండి." ఇది ఎక్కువమంది చెప్పే మాట. ఒక ఊళ్ళో ఒకడు వెళ్ళి, సెలవులో ట్రాన్సిస్టరు పట్టుకుని వచ్చాడంటే మరుసటేడు ఆ ఊరి నుంచి నలుగురు వచ్చేవాళ్ళు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి అక్కడ తాత వెళ్ళాడని తండ్రి, తండ్రి వెళ్ళాడని కొడుకు వెళుతూనే ఉన్నారు. అక్కడ "ఎందుకెళ్ళావ్" అనడిగితే నవ్వుతారేమో.

ఇంకొందరు "మూడు పూటలా పెడతారంట కదండి" అనేవాళ్ళు, సిగ్గు లేకుండా. సిగ్గెందుకు? కొందరు "చెల్లెలి పెళ్ళండి." తెల్లదోమ పడి పత్తి ఊడ్చుకుపోయిన ఏడు పల్నాడు నుంచి ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. వాళ్ళలో సగం మంది ఏమీ చెప్పలేదు. నాన్న కూడా రెట్టించలేదు, ఆ ఏడు కొందరికి డబ్బులు కూడా తీసుకోలేదు. దానిమీద ఇంట్లో గొడవ అయింది.

కాలవ కింద ఊళ్ళ నుంచి, అంటే తెనాలి, రేపల్లె వైపు నుంచి, వచ్చేవాళ్ళు తక్కువ. వాళ్ళ పిల్లలు మా వీధిలోనే కోచింగులకి వచ్చేవాళ్ళు, ఇంజనీరింగ్ ఎంట్రన్సు ఫారాలకి అతికించే ఫొటోల కోసం మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఒకే స్టూల్ మీద పొద్దున మెట్ట కుర్రాడు, మధ్యాహ్నం మాగాణి కుర్రాడు. ఎవరు ఎటు వెళ్ళాలో నీళ్ళే చెప్పేవనిపించేది. ఇది నేను అప్పుడు అనుకున్నది కాదులెండి, తర్వాతెప్పుడో తట్టింది.

"దేశం కోసం" అన్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కాకపోతే అది మొదటి జవాబుగా వచ్చేది కాదు. రిక్రూటింగ్ ఆఫీసర్ అడిగితే చెప్పాల్సిన జవాబని అందరూ ముందే నేర్చుకుని ఉండేవాళ్ళు. ఫొటోగ్రాఫర్‌కి చెప్పే జవాబు వేరు.

*

సుబేదారు గారిది పల్నాడులో ఒక ఊరు. ఊళ్ళో కాదు, ఊరి చివర పల్లె. వాళ్ళు పెద్దల ఇళ్ళ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. "చెప్పులుంటే కదండీ పట్టుకోడానికి" అని ఆయనే నవ్వేవారు. ఆయనకి పదీ పన్నెండేళ్ళప్పుడు, పల్లెలోనే ఒకాయన మిలిటరీ నుంచి సెలవులో వచ్చాడు. కాళ్ళకి బూట్లు. అడుగున ఇనప మేకులు. రచ్చబండ ముందు నుంచి టక్కుటక్కుమని నడుచుకుంటూ వచ్చేశాడు. బండ మీద కూచున్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు కానీ ఒక్కడూ నోరు తెరవలేదు.

"అది సర్కారు బూటండీ. విప్పమంటే సర్కారునే విప్పమన్నట్టు. ఆ చప్పుడు కోసం వెళ్ళాను నేను. జీతం ఎంతో కూడా అడగలా."

నాన్న ఆ రోజు ఫొటో తియ్యడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. పెన్షన్ కాగితాలకి కావాల్సిన ఫొటో అది.

బెంగుళూరులో ఆర్మీకి వంతెనలు, రోడ్లు వేసే మద్రాస్ సాపర్స్‌లో చేరారాయన. ఉల్సూరు చెరువు పక్కన ట్రైనింగు. అక్కడ దక్షిణాది వాళ్ళందరినీ తంబి అంటారట. ఈయన తెలుగువాడైనా తంబే. తెలుగులో వేలిముద్ర వేసిన మనిషి అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో రాసే రోమన్ హిందీ నేర్చుకున్నారు, ఒక్కో క్లాసు పరీక్ష పాసవుతూ ర్యాంకులెక్కారు. తెలుగు చదవడం మాత్రం రిటైరయ్యాక మా స్టూడియో బెంచీ మీదే పేపరు పెట్టుకుని నేర్చుకున్నారు. "ళ" దగ్గర ఇబ్బంది పడేవారు, నన్నడిగేవారు.

71 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నారు. యుద్ధం గురించి అడిగితే బురద గురించి చెప్పేవారు, నదుల గురించి చెప్పేవారు. ఇనప పలకలు బిగించి అక్కడికక్కడే కట్టే బెయిలీ బ్రిడ్జి గురించి మాత్రం గంటలకొద్దీ. ఇనప పలకలు ఒక్కోటి దాదాపు 260 కిలోలు. ఆరుగురు రెండు వైపులా నిలబడి, కింద గునపాల్లాంటి కడ్డీలు దూర్చి లేపుతారు. రాత్రిపూట దీపం లేదు, నోటి మాట లేదు. "ఆరుగురిలో ఒకడు వదిలేశాడనుకోండి, మిగతావాళ్ళ పాదాలు పోతాయి. నా ఎదురుగా పట్టుకున్నవాడు ఎవడి కొడుకో, మా ఊళ్ళో అయితే నేను వాడి మంచం తాకకూడదేమో. అక్కడ వాడు నా చేతుల వైపు చూస్తున్నాడు, నేను వాడి చేతుల వైపు చూస్తున్నాను." బూట్ల చప్పుడు కోసం వెళ్ళిన మనిషి అంతకాలం ఎందుకుండిపోయారో ఆ కథ విన్నాకే అర్థమైంది నాకు. వెళ్ళడానికి ఒక కారణం, ఉండిపోవడానికి ఇంకో కారణం. ఆ రెండోది మా నాన్న ఎవరినీ అడగలేకపోయాడు, ఎందుకంటే మా స్టూడియోకి వచ్చేసరికి వాళ్ళు ఇంకా వెళ్ళనేలేదు.

మిలిటరీలో కులం లేనే లేదని ఆయనెప్పుడూ అనలేదు. "ఉంటదండీ, లంగరులో, అదే మిలిటరీ వంటశాలలో, ఉంటది, బ్యారక్‌లో ఉంటది. పలక లేపేటప్పుడు ఉండదు" అనేవారు. అంబేడ్కర్ గారి తండ్రి రాంజీ సక్పాల్ కూడా సుబేదారేనని మాత్రం కొత్తగా పరిచయమైన ప్రతివాడికీ చెప్పేవారు. వాళ్ళ ఊళ్ళో "ఒరే" పోయి "ఏవయ్యా" రావడానికి హవల్దారు కావాల్సొచ్చిందట. "గారు" మాత్రం సుబేదారు అయ్యాక కూడా అందరి నోటా రాలేదు. ఆయన అందుకే గుంటూరులో ఇల్లు కట్టుకున్నారు.

*

సెలక్టయి వెళ్ళినవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ మా స్టూడియోలో తేలేవాళ్ళు. ఒళ్ళు గట్టిపడి, మెడ నిటారై, మాటకి ముందు "హా జీ" తగిలి. యూనిఫారం కవర్లో మడిచి తెచ్చుకుని డార్క్‌రూములో మార్చుకునేవాళ్ళు. మా దగ్గర వెనక కట్టే తెరలు రెండుండేవి, ఒకటి తాజ్‌మహల్, రెండోది మెట్లు, పూలకుండీలు. మిలిటరీ వాళ్ళు రెండూ వద్దనేవాళ్ళు, ఉత్త తెల్ల తెర చాలు. పెళ్ళి సంబంధాలకి ఇచ్చే ఫొటో అది.

మిలిటరీ సంబంధమంటే ఆడపిల్లల తల్లులు రెండు రకాలుగా మాట్లాడేవాళ్ళు. "గవర్నమెంటు ఉద్యోగం, పెన్షన్, క్యాంటీన్ సరుకులు" అని ఒక నోట, "ఏడాదికి రెండు నెలలే కాపురం" అని ఇంకో నోట. మా పక్కింటి అక్క భర్త ఎక్కడుండేవాడో ఆమెకే తెలీదు. అడ్రసు ఎప్పుడూ కేరాఫ్ 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఆ నంబరు కింద ఆయన కాశ్మీరులో ఉన్నా, రాజస్థాన్‌లో ఉన్నా ఒకటే. నెల నెలా మనియార్డరు వచ్చేది. పోస్టుమాన్ సైకిలు బెల్లు మా గుమ్మం దగ్గర నుంచే మొదలెట్టేవాడు, ఆమె తలుపు తీసేదాకా ఆపేవాడు కాదు. సెలవైపోయి ఆయన వెళ్ళేటప్పుడు హార్లిక్స్ సీసాలో గోంగూర పచ్చడి, నూనె పైకి తేలేదాకా నింపి, మూత చుట్టూ గుడ్డ కట్టి ఇచ్చేది. విజయవాడ వెళ్ళి బండెక్కాలి. ఆ పచ్చడి జమ్ముతావి చేరేలోపే సగమైపోయేదట, బోగీలో ఉన్న తెలుగువాళ్ళందరూ పసిగట్టి వచ్చేవాళ్ళని ఆయన నవ్వుతూ చెప్పేవాడు.

మూడు వారాల్లో పారిపోయి వచ్చినవాడు కూడా ఉన్నాడు. చపాతీ గొంతు దిగట్లేదన్నాడు. అసలు సంగతి చపాతీ కాదని అందరికీ తెలుసు. వాడు తర్వాత యార్డులో గుమస్తాగా చేరి బాగానే స్థిరపడ్డాడు. మిలిటరీ ఎందుకు వద్దనుకున్నారో చెప్పేవాళ్ళని ఎవరూ ఫొటో తియ్యరు. వాళ్ళ కథలు వినాలంటే యార్డులో టీ బడ్డీ దగ్గర నిలబడాలి.

1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ఏటుకూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. కొడుకు దగ్గర నుంచి నెల పైనుంచి ఉత్తరం లేదు. ఇంట్లో ఉన్నది మేం తీసిన పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే. దాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టివ్వమంది, డబ్బులు చేతిలోనే ఉన్నాయి. నాన్న నెగెటివ్‌లన్నీ కవర్లలో నంబర్లు వేసి దాచేవాడు, ఐదు నిమిషాల పని. ఆయన ఆ నెగెటివ్ తీసి చూసి, మళ్ళీ కవర్లో పెట్టేశాడు. "ఇది బాగా రాదమ్మా. అబ్బాయి రానీ, కలర్లో మంచిది తీస్తాను, మీ ఇద్దరినీ కలిపి." గోడకి పెద్ద ఫొటో ఎవరికి కడతారో మనకి తెలుసు కదా, ఆవిడకీ తెలుసు. డబ్బులు కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి దసరాకి వచ్చాడు. ఫొటో తీసుకోవడానికి మాత్రం రాలేదు, సత్తెనపల్లి వైపు ఏదో సంబంధం చూడ్డానికి పోయాడట. నాన్నకి చాలా రోజులు కోపం.

*

నేను కాలేజీలో ఎన్‌సీసీలో చేరాను. మొదట చేరింది పరేడ్ తర్వాత పెట్టే పూరీ, గుడ్డు కోసం. అబద్ధం ఆడడమెందుకు. బెల్టు బిళ్ళ తోమడం సుబేదారు గారు నేర్పారు. బ్రాసో కొంచెమే వేసి, ఆరనిచ్చి, తర్వాత పొడి గుడ్డతో రుద్దాలి, తడి మీద రుద్దితే నలుపు తిరుగుతుంది. క్యాంపుకి వెళ్ళి .22 రైఫిల్ పట్టుకున్న రోజున భుజం నొప్పి పుట్టలేదు కానీ, అదేదో తెలియని ధైర్యం వచ్చింది. నేను బోర్లా పడుకుని ఉంటే నా వెనక ఎవరూ "ఓణీ సర్దుకో" అనని మొదటి చోటు అది.

1992లో ఆడపిల్లల్ని ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలైందని పేపర్లో పడింది. సుబేదారు గారే చదివి వినిపించారు, "ళ" ఎక్కడా తడబడకుండా. నాన్న విని, "ఊఁ" అన్నాడు. అంతమంది కుర్రాళ్ళని అడిగినవాడు, ఆ ప్రశ్న నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. బ్యాంకు పరీక్ష రాశాను, వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు, నాతో సహా.

*

అదృష్టమో ఏమో, బ్యాంకులో నాకు చాలాకాలం పెన్షన్ల సీటు పడింది. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ల కోసం మాజీ సైనికులు వరసకట్టేవాళ్ళు. బ్యాంకు తెరవకముందే క్యూ. క్యూలో ఒకరినొకరు తోసుకోరు, సీనియారిటీ వాళ్ళే తేల్చుకుంటారు. ఫారం పూర్తి చేస్తూ నేను నాన్న ప్రశ్నని కొంచెం మార్చి అడిగేదాన్ని, "అన్నేళ్ళు ఎందుకున్నారు?" అని. పదిహేనేళ్ళు నిండితే పెన్షన్ అని టక్కున చెప్పేవాళ్ళు కొందరు. నిజమే. ముప్పై ఐదేళ్ళకే పెన్షన్‌తో బయటికొచ్చి ఇంకో ఉద్యోగం చూసుకునే వెసులుబాటు ఇంకెక్కడుంది?

అలా చూసుకున్నవాడే మా బ్రాంచి గార్డు. రెండు గొట్టాల తుపాకీ, మీసాలు, ఎవరొచ్చినా లేచి తలుపు తీసే మర్యాద. ఆయనది తెనాలి వైపు, కాలవ కింద ఊరు, ఐదెకరాల మాగాణి. మెట్ట వాళ్ళే వెళతారన్న నా లెక్క తప్పించిన మనిషి. ఇంటర్ తప్పితే వాళ్ళ నాన్న రైస్‌మిల్లు దగ్గర పదిమందిలో చెంప మీద కొట్టాడట. ఆ రాత్రే బండెక్కి హైదరాబాదులో మేనమామ ఇంటికి పోయి, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో భర్తీ జరుగుతుంటే లైన్లో నిలబడ్డాడు.

"నాన్న మీద కోపమండి మేడమ్, అంతే. చైనా అంటే ఏటో, పాకిస్తాన్ అంటే ఏటో కూడా సరిగ్గా తెలీదు."

"మరి కోపం తగ్గాక వచ్చెయ్యొచ్చుగా?"

"ప్రమాణం చేయించే కసమ్ పరేడ్‌కి ఆయనే వచ్చాడండి, సున్నుండల డబ్బా పట్టుకుని. నేను కవాతు చేస్తుంటే అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇంక నాకు కోపం లేదు, కానీ అప్పటికి సంతకం పెట్టేశా."

నవ్వి ఊరుకునే మనిషి కాబట్టి అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇంకో రోజు క్యాష్ బండి కోసం ఎదురుచూస్తూ మిగతాది చెప్పాడు. వాళ్ళమ్మకి గుండె ఆపరేషను. ఊళ్ళో అయితే రెండెకరాలు అమ్మాల్సిందే. సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్లో చేశారు, పైసా తీసుకోకుండా. ఆయనప్పుడు సరిహద్దులో ఉన్నాడు. ఎవరో యూనిట్ కుర్రాడు, బీహార్ వాడు, సెలవులో ఇంటికి పోతూ దారి మళ్ళించుకుని సికింద్రాబాద్‌లో దిగి, భాష రాని ముసలావిడ పక్కన నాలుగు రోజులు కూచుని వెళ్ళాడు. ఆయన వెళ్ళమనలేదట. "ఆ తర్వాత ఎవడన్నా 'ఎందుకున్నావ్' అంటే ఏం చెప్తామండీ" అన్నాడు గార్డు. క్యాష్ బండి వచ్చింది, లేచి వెళ్ళిపోయాడు.

*

ఇప్పుడు మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ది కనిగిరి వైపు. కొడుకు తెల్లవారుజామునే బ్రహ్మానందరెడ్డి స్టేడియానికి పోయి పరిగెడతాడు. ఇప్పుడు అరుగుల మీద పడుకునే పని లేదు. ఆన్‌లైన్ అప్లికేషను, ముందే రాత పరీక్ష, అది దాటాకే గ్రౌండు. ఫొటో కూడా ఫోన్లోనే, సైజు తగ్గించి పంపమని నా దగ్గరికి తెస్తాడు.

2022లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్లో జరిగిన గొడవ టీవీలో చూసినవాడే వాడు, అప్పటికి హైస్కూల్లో ఉన్నాడు. నాలుగేళ్ళు సర్వీసు, ఆ తర్వాత ప్రతి వందమందిలో పాతిక మందినే ఉంచుతారు. బయటికొచ్చేవాళ్ళకి సేవానిధి కింద 11 లక్షల 71 వేల దాకా ఇస్తారు, పెన్షన్ లేదు. మా బ్రాంచి క్యూలో నిలబడ్డవాళ్ళు చెప్పిన మొదటి కారణం అక్కడితో ఎగిరిపోయింది. నాకది నచ్చలేదు, ఆ మాటే వాడితో అన్నాను.

"నాలుగేళ్ళ తర్వాత నాకు ఇరవై మూడు ఆంటీ. ఇరవై మూడుకి మా నాన్న దగ్గర ఏముంది?"

వాచ్‌మన్ గేటు దగ్గర నుంచే అందుకున్నాడు. "ఇద్దరు పిల్లలు, రెండు లక్షల అప్పు."

ముగ్గురం నవ్వాం. పరుగు 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే ఫుల్ మార్కులు, వాడికి నిన్న 5:40 వచ్చిందట. వాడి చెల్లెలు, ఇంటర్ రెండో సంవత్సరం, మెట్ల మీద కూచుని షూ లేసులు కట్టుకుంటోంది. రోజూ అన్న వెనకే స్టేడియానికి పోతోందని నాకు ఆ రోజే తెలిసింది. 2019 నుంచి మిలిటరీ పోలీసులోకి ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారు. వాళ్ళకి పరుగు టైము ఏడున్నర నిమిషాలు.

"నువ్వెందుకమ్మా మిలిటరీకి?" అనడిగాను.

"వీడు వెళ్తే నేనెందుకు ఆగాలి ఆంటీ?" అని ఫోన్ తీసి తన టైము చూపించింది. 6:50.